పిల్లలకి క్యాన్సర్ వచ్చినప్పుడు ఇల్లు, బడి, మనసు: తరచుగా అడిగే ప్రశ్నలు

కీమో గురించి, బ్లడ్ కౌంట్స్ (రక్తంలో కణాల లెక్క) గురించి డాక్టర్లు చెప్తారు. వాళ్లని అడగడానికి మొహమాటపడి, వార్డు బయట బెంచీ మీద పక్కన కూర్చున్న ఇంకో అమ్మనో నాన్ననో అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి, ఇవి అవి. ఎక్కువ భాగం ఏఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌ని దృష్టిలో పెట్టుకుని రాశాను. పిల్లల్లో ఎక్కువగా కనిపించేది అదే, పైగా ట్రీట్‌మెంట్ రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది కాబట్టి చదువు గొడవలు, చుట్టాల గొడవలు అన్నీ అందులోనే వస్తాయి. మందుల విషయంలో మాత్రం మీ డాక్టర్ మాటే ఫైనల్.

పిల్లాడికి జబ్బు పేరు చెప్పాలా? చిన్నవాడు కదా, భయపడతాడేమో?

చెప్పాలి అనే నేనంటాను. మీరు చెప్పకపోయినా వాడికి తెలిసిపోతుంది, పక్క బెడ్ మీద పిల్లలు ఒకళ్లకొకళ్లు మందుల పేర్లతో సహా చెప్పుకుంటారు, పదేళ్లు దాటినవాళ్లయితే మీ ఫోన్‌లోనే యూట్యూబ్ చూసేస్తారు, అందులో ఏముంటుందో మీకు తెలుసు. మీరు దాచారని తెలిశాక ఇక ఏ డౌటూ మిమ్మల్ని అడగరు, లోపలే పెట్టుకుంటారు, అదీ అసలు నష్టం.

ఎంత చెప్పాలనేది వయసుని బట్టి. నాలుగైదేళ్ల పిల్లకి "నీ రక్తంలో కొన్ని చెడ్డ కణాలు చేరాయి, వాటిని పంపించేయడానికి మందు, మందు వల్ల జుట్టు ఊడుతుంది, మళ్లీ వస్తుంది, అమ్మ నీ దగ్గరే ఉంటుంది" అంటే చాలు. ఆ వయసు పిల్లలు తాము చేసిన తప్పు వల్లే జబ్బు వచ్చిందని గట్టిగా నమ్మేస్తారు, తమ్ముణ్ని కొట్టాననో చాక్లెట్లు దొంగతనంగా తిన్నాననో, కాబట్టి నీ తప్పేం లేదు అని వాళ్లు అడగకముందే చెప్పండి, ఒకసారి కాదు చాలాసార్లు. పదేళ్లు పైబడితే క్యాన్సర్ అనే పేరుతోనే చెప్పండి.

ఇంకొకటి, సూది దగ్గర "నొప్పే ఉండదు నాన్నా" అనొద్దు. ఒకసారి అబద్ధమని తేలాక తర్వాతి రెండేళ్లు ప్రతి సూదికీ యుద్ధమే. "చురుక్కుమంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అనండి. చర్మం మొద్దుబారే క్రీమ్ రాయమని నర్సుని అడగొచ్చు, పోర్ట్ (మందులెక్కించడానికి ఛాతీ దగ్గర చర్మం కింద పెట్టే చిన్న పరికరం) ఉన్న పిల్లలకి అది బాగా పనికొస్తుంది.

మా వల్లే వచ్చిందా?

లేదు. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నారు, ఫోన్ ఎంత వాడారు, గ్రహణం రోజు బయటికొచ్చారా, వీటికీ దీనికీ సంబంధం లేదు. పిల్లల క్యాన్సర్లలో ఎక్కువ భాగం కణాలు పెరిగే క్రమంలో జన్యువుల్లో వచ్చే పొరపాట్ల వల్ల వస్తాయి, వంశంలో నడిచేవి కొన్నే. కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమా లాంటి వాటిలో మాత్రం వంశపారంపర్యం ఉండే అవకాశం గట్టిగానే ఉంది కాబట్టి మిగతా పిల్లల కళ్లు కూడా చూపించమంటారు. అత్తగారు "మా వైపు ఎవరికీ లేదమ్మా ఇలాంటిది" అన్నప్పుడు కోడలు ఒక్కతే ఆ మాట మోయాల్సి వస్తుంది. అప్పుడు భర్త ఊరుకోకూడదు, డాక్టర్ దగ్గరికి అత్తగారిని కూడా ఒకసారి తీసుకెళ్లి ఆయన నోటితోనే చెప్పించడం నేను చూసినవాటిలో బాగా పనిచేసిన పద్ధతి.

చుట్టాలకి, వీధిలో వాళ్లకి చెప్పాలా? గుండు చూసి అడుగుతున్నారు.

మన దగ్గర ఒక వెసులుబాటు ఉంది, పిల్లల గుండు ఎవరికీ వింత కాదు. "తిరుపతి మొక్కు" అనేస్తే అక్కడితో అయిపోతుంది, చాలామంది అదే చేస్తారు, తప్పేం లేదు, బస్సులో పక్క సీటాయనకి మీ కథంతా చెప్పాల్సిన పని లేదు. కానీ కనుబొమలు కూడా పోయి, స్టెరాయిడ్స్‌తో మొహం ఉబ్బి, మాస్క్ పెట్టుకున్న పిల్లాణ్ని చూసి మొక్కు అంటే ఎవరూ నమ్మరు, చాటుగా వేరే కథలు అల్లుతారు. అందుకని రోజూ ఎదురుపడే నలుగురికి నిజం చెప్పడం మేలు. ఆడపిల్ల అయితే "రేపు పెళ్లి ఎలా" అని ఇప్పటినుంచే దాచేవాళ్లున్నారు. ఆరేళ్ల పిల్ల పెళ్లి గురించి ఇవాళ బెంగపడి, ఇవాళ దొరికే సాయాన్ని వదులుకోవడం నాకు అర్థం కాదు.

చూడ్డానికి వచ్చేవాళ్ల సంగతి వేరే. పరామర్శకి వచ్చి పిల్లాడి ముందే "అయ్యో మా ఆడపడుచు కొడుక్కీ ఇదే, పోయాడు" అనే మహానుభావులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కౌంట్స్ తక్కువున్నాయి, ఎవర్నీ రానివ్వద్దన్నారు అని చెప్పేయండి. నిజంగా తక్కువున్న రోజుల్లో అది మందే, లేని రోజుల్లో మంచి సాకు.

అంటుకుంటుందా? పక్కింటి వాళ్లు వాళ్ల పిల్లల్ని ఆడుకోనివ్వట్లేదు.

అంటుకోదు. అసలు భయం తిరగేసి ఉంది, వాళ్ల పిల్లల జలుబు మన పిల్లాడికి అంటితే మనకే ఇబ్బంది. ఆ మాట అలాగే చెప్పండి.

స్టెరాయిడ్స్ మొదలైన దగ్గర్నుంచి మా పాప మా పాపలా లేదు. కొడుతోంది, రాత్రి రెండింటికి పులిహోర కావాలంటోంది.

అది పాప కాదు, మందు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ ఈ రెండూ ఆకలి విపరీతంగా పెంచుతాయి, నిద్ర చెడగొడతాయి, ఏడుపు, కోపం, ఉన్నట్టుండి దిగులు తెస్తాయి. కోర్సు అయ్యాక తగ్గిపోతాయి. మళ్లీ కోర్సు వచ్చినప్పుడు మళ్లీ వస్తాయి, కాబట్టి క్యాలెండర్‌లో ఆ రోజులు గుర్తు పెట్టుకుని ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి, ముఖ్యంగా తాతయ్యలకి, "గారాబం చేసి చెడగొట్టారు" అనేది వాళ్లే. అడిగిందల్లా కొనివ్వక్కర్లేదు కానీ ఆ వారం క్రమశిక్షణ పాఠాలు పెట్టుకోకండి. ఇంట్లో వేడివేడిగా వండింది పెట్టండి, బయట కోసిపెట్టిన పళ్లు, రోడ్డు మీద పానీపూరి వద్దు. పిల్ల అస్సలు మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటే, లేని మనుషులు కనిపిస్తున్నారంటే, డాక్టర్‌కి ఆ రోజే చెప్పాలి.

ఒక ఏడాది చదువు పోతే ఏమవుతుంది? ముందు బతకనివ్వండి.

ఈ మాట అందరూ అంటారు, ప్రేమతోనే అంటారు. కానీ ఏఎల్ఎల్ సరిగ్గా ట్రీట్ చేసే చోట్ల ఎక్కువమంది పిల్లలు బతుకుతున్నారు, ధనిక దేశాల్లో నూటికి 85 పైనే. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల క్యాన్సర్ కోసం పెట్టుకున్న లక్ష్యం కూడా 2030 కల్లా ప్రపంచమంతటా కనీసం 60 శాతం మంది బతకాలని. మరి బతికే పిల్లాడికి పన్నెండేళ్లకి రెండో తరగతి చదువే ఉంటే? ఏడాది అనుకున్నది మూడేళ్లవుతుంది, తర్వాత తనకంటే చిన్నపిల్లల పక్కన కూర్చోడానికి సిగ్గుపడి పూర్తిగా మానేస్తారు.

ఇంకో కోణం కూడా ఉంది. పుస్తకాలన్నీ అటక మీద పెట్టేస్తే పిల్లాడికి దానర్థం ఇంకోలా వెళ్తుంది, నేను పెద్దవాణ్ని అవ్వనని వీళ్లు అనుకుంటున్నారు అని. రోజుకి అరగంట చాలు, ఓపిక ఉన్న రోజే చాలు, మార్కుల కోసం కాదు. హాస్పిటల్‌లో టీచర్ గానీ వాలంటీర్ గానీ వస్తారేమో అడగండి, చాలా పెద్ద క్యాన్సర్ హాస్పిటల్స్‌లో ఆటల గదో చదువు గదో ఉంటుంది, మనం అడగం అంతే.

మళ్లీ స్కూల్‌కి ఎప్పుడు పంపొచ్చు?

మొదటి ఆరు నుంచి తొమ్మిది నెలలు గట్టి కీమో నడుస్తుంది, అప్పుడు రెగ్యులర్‌గా కుదరదు. తర్వాత మెయింటెనెన్స్ (జబ్బు తిరగబెట్టకుండా మందులు కొనసాగించే దశ) వస్తుంది, రోజూ 6-ఎంపీ మాత్రలు, వారానికోసారి మెథోట్రెక్సేట్, మధ్యలో వెన్నులో ఇంజెక్షన్లు. ఆ దశలో ఎక్కువమంది పిల్లలు స్కూల్‌కి వెళ్లొచ్చు, డాక్టర్ ఓకే అన్నాకే. మొదటి వారం పూటబడి చేయించండి, పొద్దున పంపి మధ్యాహ్నం భోజనానికి తెచ్చేసుకోండి. పిల్ల కంటే అమ్మ ఎక్కువ వణుకుతుంది ఆ రోజు. గేటు బయట మధ్యాహ్నం దాకా నిలబడే అమ్మలున్నారు, నిలబడండి, ఒక వారం అయ్యాక మీకే విసుగొస్తుంది.

టీచర్‌కి ఏం చెప్పాలి? క్లాసులో పిల్లలకి?

హెడ్‌మాస్టర్‌తో ఒకసారి, క్లాస్ టీచర్‌తో ఇంకోసారి విడిగా కూర్చుని మాట్లాడండి, డాక్టర్ లెటర్ పట్టుకెళ్లండి. నోటితో చెప్పింది టీచర్ మారగానే పోతుంది, అందుకే ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వండి: జ్వరం 100.4 దాటితే అరగంట కూడా ఆగకుండా మాకు ఫోన్ చేయాలి, తనంతట తాను పారాసిటమాల్ వేయకూడదు. నీళ్ల బాటిల్, బాత్రూమ్‌కి ఎప్పుడడిగినా పంపాలి. ప్లేట్‌లెట్స్ తక్కువున్న రోజు కబడ్డీ వద్దు, కానీ ఆటల పీరియడ్‌లో స్కోరు రాయనివ్వండి, ఒక్కణ్నే క్లాసులో కూర్చోబెట్టకండి. పోర్ట్ ఉంది, ఛాతీ మీద దెబ్బ తగలకూడదు.

తోటి పిల్లలకి టీచరే చెప్పడం మంచిది, మన పిల్లాడు వచ్చే ముందు రోజు, వాడు లేనప్పుడు, వాడు ఒప్పుకున్నాక. వాడికి ఒంట్లో బాలేక మందులు వాడుతున్నాడు, జుట్టు మళ్లీ వస్తుంది, మనకి అంటుకోదు, టోపీ లాగొద్దు, ఇంతే. పిల్లలు రెండు రోజులు చూసి మర్చిపోతారు. పెద్దవాళ్లే మర్చిపోరు, స్టాఫ్ రూమ్‌లో జాలి మాటలు, ప్రార్థన అప్పుడు ముందుకి పిలిచి అందరి చేతా చప్పట్లు కొట్టించడం లాంటివి. ఆ "హీరో" ట్రీట్‌మెంట్ పిల్లలకి అసలు నచ్చదు, చెప్పలేరు గానీ.

క్లాసులో ఎవరికో అమ్మవారు పోసిందట. పంపాలా?

పంపొద్దు, అదే రోజు హాస్పిటల్‌కి ఫోన్ చేయండి. చికెన్‌పాక్స్, తట్టు ఈ రెండూ కీమో మీదున్న పిల్లలకి ప్రమాదం. పక్కన కూర్చున్నా, ఒకే బస్సులో వచ్చినా చెప్పాలి, ఒంటి మీద పొక్కులు వచ్చేదాకా ఆగితే లేటు. ముందే చెప్తే మందులిచ్చి ఆపే వీలుంటుంది. మన ఇళ్లలో అమ్మవారు వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లకూడదనే పట్టింపు ఉంటుంది, వేపాకులు పెట్టుకోండి, పూజ చేసుకోండి, ఫోన్ మాత్రం ముందు చేయండి. ఈ విషయం టీచర్‌కి ఇచ్చే కాగితంలో మొదటి లైన్‌గా రాసినా ఎక్కువ కాదు.

హాజరు లేదని పేరు తీసేస్తామంటున్నారు.

ఎనిమిదో తరగతి వరకు అలా తీసేయడానికి వీల్లేదు, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేదాకా పిల్లల్ని స్కూల్ నుంచి పంపేయకూడదు. చదువు మధ్యలో ఆగినవాళ్లని కూడా వయసుకి తగ్గ క్లాసులోనే చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి అని అదే చట్టంలో ఉంది. ప్రైవేట్ స్కూల్లో ఫీజు గొడవ వస్తే మాటలతో తేలదు, మెడికల్ సర్టిఫికెట్ జత చేసి లెటర్ ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకుని, అక్కడా పని కాకపోతే మండల విద్యాధికారి దగ్గరికి వెళ్లండి.

టెన్త్, ట్వెల్త్ వాళ్లకి సీబీఎస్ఈలో 75 శాతం హాజరు ఉండాలి, కానీ తీవ్రమైన జబ్బులకి సడలింపు ఉంది, క్యాన్సర్ పేరు ఆ నిబంధనల్లోనే ఉంది. అప్లికేషన్ స్కూల్ ద్వారా వెళ్లాలి కాబట్టి పరీక్షల ముందు నెలలో కాదు, ట్రీట్‌మెంట్ మొదలైనప్పుడే చెప్పి ఉంచండి. స్టేట్ బోర్డు అయినా అంతే, హెడ్‌మాస్టర్‌కి కాగితాలు ముందే చేరాలి.

ఇవేవీ కుదరకపోతే ఓపెన్ స్కూల్ ఉంది, దాన్ని చిన్నచూపు చూడకండి. ఎన్ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్‌లో 14 ఏళ్లు నిండితే టెన్త్‌కి కట్టొచ్చు, ఐదేళ్ల టైమ్ ఉంటుంది, అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయక్కర్లేదు, కౌంట్స్ బాగున్నప్పుడు రెండు, తర్వాత రెండు అలా రాసుకోవచ్చు. తెలంగాణకి, ఆంధ్రాకి విడిగా రాష్ట్ర ఓపెన్ స్కూల్స్ కూడా ఉన్నాయి.

ఇంటర్ కార్పొరేట్ కాలేజీలో, హాస్టల్‌లో సీటు కట్టాం. ట్రీట్‌మెంట్ మధ్యలో పంపొచ్చా?

నా అభిప్రాయం అడిగితే వద్దు. పొద్దున ఐదున్నరకి లేపి రాత్రి పదిదాకా స్టడీ అవర్స్, ఒకే గదిలో పదిమంది, మెస్ భోజనం, జ్వరం వస్తే వార్డెన్ ఫోన్ ఎత్తాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లలే తట్టుకోలేని చోటు అది. డే స్కాలర్‌గా దగ్గర్లో ఉన్న కాలేజీకి మార్చండి, లేదా ఏడాది ఆగండి. గురుకులాల్లో చదివే పిల్లలకి కూడా ఇదే సమస్య, సీటు ఉంచుతారా అని ప్రిన్సిపాల్‌ని రాతపూర్వకంగా అడగండి.

ట్రీట్‌మెంట్ అయిపోయింది, ఇప్పుడు లెక్కల్లో బాగా వెనకబడ్డాడు. బద్ధకం అంటున్నారు.

ముందు బద్ధకం అనే మాట పక్కన పెట్టండి. తలకి రేడియేషన్ తీసుకున్న పిల్లల్లో, బ్రెయిన్ ట్యూమర్ వచ్చిన పిల్లల్లో, కొంతవరకు వెన్నులో మెథోట్రెక్సేట్ ఎక్కువ తీసుకున్నవాళ్లలో కూడా ఆలోచన వేగం, ఏకాగ్రత, ఇప్పుడే విన్నది గుర్తుంచుకోవడం దెబ్బతినొచ్చు, ఎంత చిన్న వయసులో తీసుకుంటే అంత ఎక్కువ. ఇది ట్రీట్‌మెంట్ అప్పుడు కాదు, రెండు మూడేళ్లు పోయాక బయటపడుతుంది, అందుకే ఎవరూ జబ్బుతో కలిపి చూడరు. పిల్లాడికి జవాబు తెలుసు, కానీ పేపర్ సగంలో ఉండగానే టైమ్ అయిపోతుంది. పద్యం చక్కగా అప్పజెప్తాడు, మూడు స్టెప్పుల లెక్కలో రెండో స్టెప్ మర్చిపోతాడు.

విన్‌క్రిస్టిన్ అనే మందు నరాల మీద పనిచేస్తుంది, చేతివేళ్లు పట్టు తప్పి రాత పాడవుతుంది, మెట్లెక్కేటప్పుడు పాదం తడబడుతుంది. సిస్‌ప్లాటిన్ అనే మందు తీసుకున్నవాళ్లలో కొంతమందికి సన్నటి శబ్దాలు వినపడవు, టీచర్ బోర్డువైపు తిరిగి మాట్లాడితే సగం పోతుంది. చెవి పరీక్ష చేయించకుండా "వినట్లేదు, పొగరు" అన్న టీచర్ని చూశాను.

ఏం చేయాలంటే, క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర అసెస్‌మెంట్ చేయించండి, హైదరాబాద్ వైపు వాళ్లయితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఆ రిపోర్ట్ ఉంటే స్కూల్‌ని ముందు బెంచీ, తక్కువ హోంవర్క్, నోట్స్ జిరాక్స్, ఎక్స్‌ట్రా టైమ్ అడగొచ్చు. క్యాన్సర్ అనేది 2016 వికలాంగుల హక్కుల చట్టంలో విడిగా వైకల్యం కింద లేదు, కానీ దానివల్ల వచ్చిన లోపం, అంటే కాలు తీసేయడం, చూపు పోవడం, వినికిడి, లెర్నింగ్ డిజెబిలిటీ, ఇవి ఉన్నాయి. వైకల్యం 40 శాతం, ఆపైన అని సర్టిఫికెట్ వస్తే పరీక్షల్లో గంటకి 20 నిమిషాలు అదనం ఇస్తారు, రాయలేనివాళ్లకి స్క్రైబ్ (బదులుగా రాసిపెట్టే మనిషి) కూడా.

రెండోదాన్ని అమ్మమ్మ దగ్గర వదిలేశాం. ఫోన్‌లో మాట్లాడట్లేదు.

అలిగింది, భయపడింది కూడా. ఏడాదిగా అందరూ "తమ్ముడెలా ఉన్నాడు" అనే అడుగుతున్నారు దాన్ని. దానికి కూడా జబ్బు సంగతి చెప్పండి, వీలైతే ఒకసారి హాస్పిటల్‌కి తీసుకురండి, ఊహించుకునేదానికంటే చూస్తేనే భయం తక్కువ. రోజూ ఒకే టైమ్‌కి ఫోన్, అందులో తమ్ముడి ఊసు లేకుండా దాని స్కూల్ కబుర్లు మాత్రమే. బోన్ మ్యారో మ్యాచింగ్, అంటే ఎముక మజ్జ ఇవ్వడానికి కలుస్తుందో లేదో చూసే పరీక్ష, చేయిస్తే (తోడబుట్టిన ఒక్కొక్కరికి పూర్తిగా కలిసే అవకాశం నాలుగో వంతు) కలవకపోయినా, కలిసి ఇచ్చాక ఫలితం బాలేకపోయినా అది దాని తప్పు కాదని ముందే చెప్పాలి.

మేమిద్దరం రోజూ గొడవపడుతున్నాం. నాకు నిద్ర లేదు. ఎవరితో చెప్పుకోవాలి?

చాలా ఇళ్లలో అమ్మ వార్డులో, నాన్న ఊళ్లో పనిలో, మధ్యలో డబ్బు ఫోన్లు. ఆయన ఏడవట్లేదని ఆవిడకి కోపం, ఆవిడ ఎప్పుడూ ఏడుస్తోందని ఆయనకి విసుగు, సాయంత్రం ఆయన తాగుడు మొదలవుతుంది. హాస్పిటల్‌లో సోషల్ వర్కర్ని, కౌన్సెలర్ని అడగండి, పిచ్చి ఉన్నవాళ్లకే అనుకోకండి. లేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలిమానస్, మనసు బాలేనివాళ్ల కోసం 2022లో కేంద్రం మొదలుపెట్టిన ఫ్రీ లైన్, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తే ఆ రాత్రే చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఆరోగ్యశ్రీ ఉంది కానీ మిగతా ఖర్చులు?

గది అద్దె, రానుపోను, పోయిన కూలి, వీటికే మనుషులు అప్పులపాలవుతారు. రైల్వేలో క్యాన్సర్ పేషెంట్‌కి ట్రీట్‌మెంట్ ప్రయాణాలకి స్లీపర్, థర్డ్ ఏసీలో టికెట్ ఫ్రీ, తోడు వచ్చే ఒకరికి 75 శాతం తగ్గింపు, ఫారం హాస్పిటల్‌లో రాయించుకోవాలి. సెయింట్ జూడ్ ఇండియా వాళ్లకి హైదరాబాద్‌లో, విశాఖలో సెంటర్లున్నాయి, బయటి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లల కుటుంబాలకి ఉచితంగా గది ఇస్తారు. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్ అయినా, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ అయినా సోషల్ వర్కర్ దగ్గర ఇలాంటి సాయాల లిస్ట్ ఉంటుంది, చేరిన మొదటి వారంలోనే కలవండి.

నెలకే రిపోర్ట్ క్లీన్ వచ్చింది. పసరు మందుకి మారొచ్చా?

వద్దు. మొదటి నెల తర్వాత మైక్రోస్కోప్‌లో కనపడకపోవడం వేరు, పూర్తిగా పోవడం వేరు. అక్కడ ఆపేసినవాళ్లకి తిరగబెడుతుంది, రెండోసారి నయం చేయడం చాలా కష్టం. ఆపడానికి కారణం డబ్బో, పొలం పనో అయితే అది సోషల్ వర్కర్‌కి చెప్పండి, సిగ్గుపడకండి.

"నేను చచ్చిపోతానా?" అని అడిగాడు. నోట మాట రాలేదు.

"ఛ, అలాంటి మాటలు అనకూడదు" అనొద్దు, ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. "ఎందుకలా అనిపించింది నాన్నా?" అని అడిగి ఆగండి. చాలాసార్లు పక్క బెడ్ పిల్లాడు కనపడట్లేదు, వాడేమయ్యాడు అన్నదే అసలు ప్రశ్న. ట్రీట్‌మెంట్ బాగా నడుస్తుంటే "కొంతమందికి తగ్గదు, నీకు మందు పనిచేస్తోంది, డాక్టర్లు అదే చెప్పారు" అనొచ్చు. నయం కాదని తేలినప్పుడు కూడా అబద్ధం అవసరం లేదు, నొప్పి లేకుండా చూస్తాం, నిన్ను ఒంటరిగా వదలం, ఈ రెండు మాటలూ నిజమే కదా. నొప్పి తగ్గించే పాలియేటివ్ టీమ్‌ని ముందే కలవండి, వాళ్లు చివరి రోజులకే కాదు. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ (నయం కాని జబ్బున్నవాళ్లని చూసుకునే చోటు) డబ్బు తీసుకోకుండా చూస్తుంది.

పదహారేళ్ల అబ్బాయి, ఏమీ మాట్లాడడు. తర్వాత ఉద్యోగం, పెళ్లి?

డాక్టర్ దగ్గర వాణ్ని ఒక్కణ్నే పది నిమిషాలు కూర్చోనివ్వండి, మీ ముందు అడగలేనివి ఉంటాయి. కొన్ని మందుల వల్ల ముందుముందు పిల్లలు పుట్టే అవకాశం తగ్గొచ్చు, ఈ వయసు అబ్బాయిలకి కీమో మొదలవ్వకముందే వీర్యం దాచిపెట్టే వీలుంది, అది ఇంట్లో ఎవరూ నోరెత్తి అడగరు, మొదలయ్యాక లేటవుతుంది. ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు, పెళ్లై పిల్లలున్నవాళ్లు చాలామందే ఉన్నారు. పెళ్లి సంబంధంలో దాచి తర్వాత బయటపడితే వచ్చే గొడవ కంటే ముందు చెప్తే పోయే సంబంధం నయం.

ట్రీట్‌మెంట్ అయ్యాక డిశ్చార్జ్ రోజే ఒక సమ్మరీ అడిగి తీసుకోండి: ఏ క్యాన్సర్, ఏ మందులు, మొత్తం ఎంత డోసు, రేడియేషన్ ఎక్కడ ఎంత. ఎర్ర ఇంజెక్షన్ అంటారే, డాక్సోరూబిసిన్, దాని మొత్తం డోసు తప్పకుండా ఉండాలి, గుండెకి ఎకో ఎన్నేళ్లకోసారి చేయించాలో దాన్నిబట్టే చెప్తారు. లామినేషన్ ఒకటి, ఫోన్‌లో ఫొటో ఒకటి, పద్దెనిమిది నిండాక వాడి చేతికే ఒక కాపీ.